వెన్నెముక వ్యాధులు – లేజరు చికిత్స

మనుష్యుని దేహమునకు వెన్నెముక గుడిసెకు నిట్రాటవంటిది. కాని నిట్రాట ఒకే దుంగ; వెన్నెముక యట్లు కాదు. శిశువు గర్భమునం దున్నప్పు డది 33 పూసలుగా నేర్పడును. వయస్సు వచ్చునప్పటికి క్రింది 9 పూసలును రెండు ఎముకలుగా నతుకుకొనిపోవును. తక్కిన 24 పూసలు వేర్వేరుగా నుండి మనము వంగుటకును, లేచుటకును, ప్రక్కకు తిరుగుటకును వీలు కలిగించుచున్నవి. మెడయందు 7, ఱొమ్మునకు వెనుక 12, నడుమునందు 5 అను లెక్క మన ఉన్నత తరగతుల విద్యార్థులకు కంఠస్థమే. అయితే పరీక్షలో వ్రాయుటకు మాత్రమే నేర్చిన లెక్క యింటిలో పెద్దవారికి నడుము నొప్పి వచ్చినపుడు అక్కరకు రాదు. కావున ఆ పూసల సంగతి కొంచెము విపులముగా చెప్పదలచితిని.

ప్రతి పూసకును వెనుకభాగమున ఒక ఎముక వలయము కలదు. ఈ వలయములన్నియు ఒకదానిమీద నొకటి నిలిచి గొట్టమువలె నగును. ఆ గొట్టములో మెదడునుండి దిగివచ్చిన వెన్నుపాము భద్రముగా నుండును. వెన్నుపాము వెన్నెముక చివరవరకు రాదు. నడుములోని మొదటి రెండు పూసల దగ్గరనే అది ముగియును. అటుపిమ్మట గొట్టములో నుండునవి విడివిడి నరములే. అవి గుఱ్ఱపు తోక వెండ్రుకలవలె క్రిందికి వ్రేలాడుచుండుటచే వైద్యులును వానికి గుఱ్ఱపుతోక యనియే పేరు పెట్టినారు. మొత్తము 31 జతల నరములు పూసల సందులనుండి వెలుపలికి వచ్చి చేతులకు, కాళ్ళకు, మూత్రాశయమునకు, తక్కిన అవయవములకు పోవును.

పూసకును పూసకును నడుమ మెత్తని బిళ్ళ యొకటి యుండును. దీనినే జనులు డిస్కు అనుచున్నారు. డిస్కు ఎట్లుండునో తెలియవలె నన్న వేసవిలో మన తాటివనములనుండి వచ్చు ముంజెను తలచుకొనుడు. ముంజెకు పైన పొర, లోపల జిగురువంటి గుజ్జు, అందులో నీరు. డిస్కునకును అటులనే చుట్టును గట్టి నార పొరలు, నడుమ నీరు నిండిన జిగురుముద్ద. మనము బరువెత్తినప్పుడు ఆ ముద్ద యొత్తిడిని అన్ని ప్రక్కలకు సమముగా పంచును. ముంజెను బొటనవ్రేలితో నొక్కినచో పొర చినిగి గుజ్జు ఎదుటివాని చొక్కాపై చిందుట బాలురందఱు నెరిగినదే. డిస్కు విషయములోను ఇదియే జరుగును. వెనుకప్రక్క పొర బలహీనమై చినిగినప్పుడు లోపలి ముద్ద జారి, ప్రక్కగా పోవుచున్న నరమును ఒత్తును. నడుములోని క్రింది రెండు డిస్కులే తఱచుగా నిట్లు జారును. అక్కడి నరములు కాలికి పోవునవి గనుక నొప్పి నడుములో పుట్టి, పిరుదు మీదుగా తొడకు, పిక్కకు, పాదమునకు ప్రాకును. దీనిని సయాటికా యందురు. రోగిని వెల్లకిల పరుండబెట్టి, మోకాలు వంచకుండ కాలు పైకెత్తినప్పుడు ఆ నొప్పి కాలి పొడుగున దిగిన యెడల నరము మీద ఒత్తిడి యున్నదని వైద్యుడు ఊహించును.

కాలినొప్పికి కారణము డిస్కే యని నిశ్చయముగా లోకమునకు తెలిసి నూఱేండ్లైనను కాలేదు. 1934లో అమెరికాలోని బోస్టను నగరపు శస్త్రవైద్యులు మిక్స్టరు, బార్ అను నిరువురు ఆ సంగతిని ఆపరేషనులద్వారా నిరూపించి ప్రకటించిరి. అంతకు మున్ను చలిగాలి యనియు, వాతమనియు చెప్పుచుండిరి. మన పల్లెలలో నడుము పట్టినప్పుడు ఎదురుకాళ్ళతో పుట్టినవారిచేత త్రొక్కించుకొను వాడుక నేటికిని కలదు. రెండు మూడు దినములలో నొప్పి తగ్గుటయు కలదు. నడుము నొప్పులలో అధికభాగము ఏమియు చేయకున్నను తగ్గిపోవునవే గనుక ఆ కీర్తి ఆ పాదమునకు దక్కుచున్నది. చినిగిన పొరయో, జారిన డిస్కో యున్నచోట త్రొక్కుట మాత్రము ప్రమాదకరము.

ఈ వ్యాసమునకు ప్రేరణ మా తరగతిలోని యొక బాలుని ప్రశ్న. అతని తండ్రి ఏనుమాముల మార్కెట్టులో మిరప బస్తాలు, పత్తి బస్తాలు మోయు హమాలీ. నడుము నొప్పికి ఎం.ఆర్.ఐ. చిత్రము తీయించిరి, అందులో డిస్కు ఉబ్బినట్లు వ్రాసియున్నది. ఎవరో బంధువు లేజరు ఆపరేషను చేయించుమనెను. కోతయు, కుట్లును ఉండవట. సాయంకాలమునకే యింటికి రావచ్చునట. అందుకై యింటివారు ఉన్న కొద్దిపాటి పొలమును కుదువ పెట్టు ఆలోచనలో నుండిరి. "సార్, లేజరుతో వెన్ను నిజముగా కోయుదురా?" అని యతడు అడిగెను. నేను వైద్యుడను గాను. కాని శాస్త్రపాఠము చెప్పువాడను గనుక, వెలుతురు చేయగల పనియేదో, చేయలేని పనియేదో చెప్పుట నా విధియని యెంచితిని. అప్పు చేయకముందే తలిదండ్రులు ఈ సంగతులు తెలిసికొనుట మంచిది.

మొట్టమొదట ఆ చిత్రపు సంగతి. ఎం.ఆర్.ఐ. చిత్రమున డిస్కు ఉబ్బినట్లు కనబడినంతమాత్రమున అదియే నొప్పికి కారణమని చెప్పరాదు. ఏ నొప్పియు లేనివారికి తీసిన చిత్రములను అనేక పరిశోధనలనుండి కూర్చి 2015లో లెక్క వేసిరి. ఇరువది యేండ్ల వయసువారిలోనే నూటికి 30 మందికి డిస్కు ఉబ్బియున్నది. ఎనుబది యేండ్లవారిలో నూటికి 84 మందికి ఉన్నది. తల నెరసినట్లే డిస్కును నీరు తగ్గి ముదురును. కావున చిత్రములో కనబడు ఉబ్బును, రోగికి కాలిలో నొప్పి వచ్చు మార్గమును, తిమ్మిరి గల చోటును ఒక్క నరమునకే సరిపోవలెను. సరిపోనిచో చిత్రమును బట్టి చికిత్స చేయుట నీడను చూచి కొలత తీసికొని అంగీ కుట్టించుటవంటిది.

రెండవ సంగతి కాలము. జారిన డిస్కు ముక్కను శరీరమే మెల్లమెల్లగా కరగించుకొనును. చిత్రమేమనగా, పెద్దగా జారిన ముక్కలే తఱచుగా ఎక్కువ కరగును. చాలమందికి ఆరు మొదలు పండ్రెండు వారములలో నొప్పి తగ్గుముఖము పట్టును. హాలండు దేశమున తీవ్రమైన సయాటికా గల 283 మందిని రెండు తెగలుగా చేసి, ఒక తెగకు వెంటనే ఆపరేషను చేసిరి. రెండవ తెగకు మందులు, వ్యాయామము ఇచ్చి వేచియుండిరి. వేచిన తెగలో నూటికి 39 మందికి తరువాత ఆపరేషను కావలసివచ్చెను, తక్కినవారికి అక్కఱలేకపోయెను. ఆపరేషను ముందుగా పొందినవారికి నొప్పి త్వరగా తగ్గినమాట నిజము. కాని యేడాది గడచుసరికి రెండు తెగలలోను నూటికి 95 మంది కోలుకొనిరి. ఈ ఫలితములు 2007లో ప్రకటింపబడినవి. దీనినిబట్టి ఆపరేషను వ్యర్థమని తలపరాదు. దినకూలిమీద బ్రదుకువానికి నాలుగు నెలల నొప్పి తక్కువ నష్టము కాదు. తొందర యెవరికి అవసరమో, ఓపిక పట్టుటకు ఎవరికి వీలగునో తెలిసికొని నిర్ణయించుకొనవలెనని మాత్రమే యిందలి భావము.

ఇక లేజరు. సామాన్యమైన దీపపు వెలుతురు జాతరనాటి జనమువంటిది. ఒక్కొక్క కిరణము ఒక్కొక్క రంగుతో, ఒక్కొక్క దిక్కునకు పోవును. లేజరు వెలుతురు ఒకే రంగు కలిగి, ఒకే అడుగు వేయుచు, ఒకే దిక్కునకు నడచు సేనవంటిది. ఉత్తేజితమైన అణువును ఒక కిరణము తాకినప్పుడు దానివంటిదే మఱియొక కిరణము పుట్టునని ఐన్‌స్టీను 1917లో లెక్కవలన చెప్పెను. నలువది మూడేండ్లకు, 1960 మే నెలలో, కాలిఫోర్నియాలో మైమన్ అను శాస్త్రజ్ఞుడు కెంపురాతితో మొదటి లేజరును వెలిగించెను. కంటి వైద్యములోను, మూత్రపిండములలోని రాళ్ళను పగులగొట్టుటలోను నేడు దీని ఉపయోగము మన జనులకు బాగుగ తెలిసినదే.

వెన్నెముక విషయములో లేజరు కత్తివలె కోయునని తలచుట పొరపాటు. ఈ చికిత్సను మొదటిసారి 1986లో ఆస్ట్రియా దేశపు గ్రాట్స్ నగరమున ఆషర్, చోయ్ అను వైద్యులు మనుష్యునిపై ప్రయోగించిరి. దాని పద్ధతి యిది. రోగిని బోరగిలగనో, ప్రక్కకో పరుండబెట్టి, చర్మమునకు మాత్రము మత్తుమందు ఇత్తురు. ఎక్స్‌రే తెరమీద చూచుచు, వెన్నునకు ప్రక్కనుండి సుమారు ఒక మిల్లీమీటరు లావు గల సూదిని డిస్కు నడుమకు పోనిత్తురు. రోగి మెలకువగా నుండుట అవసరము. సూది నరమును తాకినచో కాలు జివ్వుమని అతడే హెచ్చరించును. ఆ సూదిలోనుండి 0.4 మిల్లీమీటరు లావు గల గాజుతీగను పంపి, దాని గుండ లేజరును కొంచెము కొంచెముగా విడచుచుందురు. తఱచుగా వాడునట్టి యొక లేజరు కిరణపు పొడవు 1064 నానోమీటరులు. అనగా మీటరులో నూఱుకోట్లవ వంతు ఒక నానోమీటరు గనుక అట్టివి 1064. ఇది కంటికి కనబడదు. దాని వేడికి డిస్కులోని నీరు కొంత ఆవిరియై పోవును. మూసిన తోలుసంచి నిండుగ నున్నప్పుడు ఒక్క గుటకెడు నీరు తీసినను బిగువు సడలును గదా. అటులనే డిస్కులోని బిగువు తగ్గి, ఉబ్బు కొంచెము లోపలికి పోవునని, నరము ఊపిరి పీల్చుకొనునని యీ చికిత్సయొక్క తత్త్వము.

తత్త్వము తెలిసినప్పుడు దాని హద్దులును తెలియును. ముంజె పొర చినుగక ఉబ్బియున్నంతవరకే లోపలి నీటిని తగ్గించినచో ఉబ్బు తగ్గును. పొర చినిగి గుజ్జు వెలుపల పడినపిమ్మట లోపలి నీటిని ఎంత ఆవిరి చేసినను వెలుపలి ముక్క వెనుకకు రాదు. అందుచేత విడిపోయిన ముక్కకు ఈ చికిత్స పనికిరాదు. వయసుచేత ఎముకలు పెరిగి గొట్టము ఇరుకైనచో పనికిరాదు. అక్కడ ఒత్తునది నీరు కాదు, ఎముక. పూస విరిగినను, కంతి పుట్టినను, చీము పట్టినను పనికిరాదు. కోత లేదన్నంతమాత్రమున ప్రమాదము లేదనియు అనరాదు. సూదివెంట క్రిములు చేరి డిస్కు చెడుట, వేడి సోకి నరమో పూస అంచో దెబ్బతినుట అరుదుగానైనను కలవు.

ఇక దీనిని పాత ఆపరేషనుతో పోల్చి చూచిన ఫలితము. నేటి సామాన్యమైన ఆపరేషనులో సూక్ష్మదర్శిని సహాయమున అంగుళము పొడవు గల కోతతోనే జారిన ముక్కను తీసివేయుదురు. మూరెడు కోత కోయుదురను భయము పూర్వకాలపుది. హాలండు వైద్యులే 115 మంది రోగులను తీసికొని, కొందఱికి లేజరు సూది, కొందఱికి ఈ యంగుళపు కోత చేసి, 2015లో ఫలితములు ప్రకటించిరి. ఏడాది చివర రెండు తెగలవారి స్థితియు ఇంచుమించు సమానముగనే యుండెను. కాని లేజరు తెగవారు కోలుకొనుట నెమ్మదిగా జరిగెను. అంతియ కాదు, లేజరు తెగలో నూటికి 38 మందికి మరల ఆపరేషను చేయవలసివచ్చెను, కోత తెగలో 16 మందికి. అనగా లేజరువలన కొందఱు కోతను తప్పించుకొనిరి, కొందఱు రెండును పొందిరి. ఖర్చు లెక్కించుకొను కుటుంబము ఈ రెండవ మాటను మఱవరాదు.

పేరువలన కలుగు మఱియొక చిక్కు కలదు. లేజరు ఆపరేషను అని బోర్డులమీద వ్రాయునదంతయు పైన చెప్పిన సూది చికిత్స కాదు. అమెరికాలో కాంబిన్ అను వైద్యుడు వెన్నుప్రక్కనుండి నరములకు తగులకుండ డిస్కును చేరుటకు ఒక త్రికోణపు దారిని కనుగొనెను. ఆ త్రికోణమునకు నేటికిని ఆయన పేరే. ఆ దారిని ఏడెనిమిది మిల్లీమీటరుల గొట్టమును పోనిచ్చి, దానిలో దీపమును, చిన్న కెమెరాను, పట్టుకారును పెట్టి, తెరమీద చూచుచు జారిన ముక్కను లాగివేయుదురు. దీనిని ఎండోస్కోపు ఆపరేషను అందురు. అర్హులైన వైద్యుల చేతిలో ఇది మంచి పద్ధతి. కండరములు చెడవు, రోగి త్వరగా నడచును. ఈ పనిలో లేజరు నొకప్పుడు చివరలో మిగిలిన పీచును కాల్చుటకు వాడుదురు, ఒకప్పుడు వాడనే వాడరు. పని చేయునది పట్టుకారు. పేరు పొందునది లేజరు! ఏమి చేయుదురో చెప్పకుండ లేజరు అను మాటను మాత్రమే చెప్పువానిని, "ముక్కను తీయుదురా, నీటిని ఆవిరి చేయుదురా?" అని అడుగుటకు తలిదండ్రులు వెనుదీయరాదు.

ఇంతవరకు చెప్పినది ప్రపంచమంతట నున్న వ్యాధి. తెలుగుదేశమునకు ప్రత్యేకముగా వెన్నును వంచిన వ్యాధులు వేరు గలవు. వానియందు లేజరునకు చోటే లేదు.

అందొకటి క్షయ. క్షయ ఊపిరితిత్తులకే వచ్చునని చాలమంది యెంచుదురు. అది పూసలకును సోకును. 1779లో ఇంగ్లండు వైద్యుడు పర్సివల్ పాట్ దీనిని వర్ణించినందున పాట్ వ్యాధి యను పేరు వచ్చెను. నెలలకొలది వెన్నునొప్పి, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, క్రమముగా గూని పుట్టుట దీని లక్షణములు. పూర్వము రోగులను నెలలకొలది మంచమున కట్టివేసి, ప్లాస్టరు తొడిగి ఉంచెడివారు. కొరియా, ఆఫ్రికా, హాంకాంగు, మద్రాసు మున్నగుచోట్ల జరిగిన పరీక్షలవలన, మందులు క్రమముగా మ్రింగుచు ఇంటివద్ద తిరుగాడుచుండినను అధికసంఖ్యాకులకు నయమగునని తేలెను. వెన్నుపాము ఒత్తుకొనిపోయినవారికి, పూసలు కూలినవారికి మాత్రము ఆపరేషను కావలెను. ఈ మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో వెల లేక యిచ్చుచున్నారు. క్షయను డిస్కు నొప్పియని భ్రమించి సూది పొడిపించుకొన్న రోగి, ధనముకంటె విలువైన నెలలను పోగొట్టుకొనును.

రెండవది ఫ్లోరైడు వ్యాధి. మన పూర్వపు వరంగల్లు జిల్లాకు పొరుగుననున్న నల్లగొండ పేరు ప్రపంచ వైద్యగ్రంథములకు ఎక్కినది దీనివలననే. దీనిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది.

1937లో షార్ట్ అను వైద్యుడును ఆయన సహచరులును మద్రాసు రాజధానిలో, నాటి నెల్లూరు జిల్లాకు చెందిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలో తిరిగి, మెడయు నడుమును వంగని జనులను పరీక్షించి, కారణము బావినీటిలోని ఫ్లోరైడు అని వెల్లడించిరి. నల్లగొండ జిల్లాలోని యీ వ్యాధిని గూర్చి సిద్దీఖీ అను వైద్యుడు 1955లో బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాసెను. ఆ ప్రాంతమునకు అడుగున నల్లరాతి, ఎఱ్ఱరాతి శిలలు కలవు. వానిలోని ఖనిజములయందు ఫ్లోరైడు ఉన్నది. సున్నపు పాలు తక్కువగను, సోడా క్షారము ఎక్కువగను ఉన్న నీరు ఆ శిలల సందులలో నిలిచి ఫ్లోరైడును కరగించుకొనును. బావులు ఎండి బోర్లు లోతుగా దిగినకొలది జనులు అట్టి నీటినే త్రాగవలసివచ్చెను. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము మించకుండుట మేలనియు, వేరు గతి లేనప్పుడు 1.5 వరకు ఓర్వవచ్చుననియు మన దేశపు ప్రమాణము. పూర్వపు వరంగల్లు జిల్లాలోని కొన్ని గ్రామముల భూజలమునందును ఇంతకు మించి యుండుట కనుగొనిరి.

ఫ్లోరైడు మొదట పండ్లమీద గుర్తు వేయును. పండ్లు ఏర్పడు బాల్యములో ఈ నీరు త్రాగినవారికి పండ్లపై సుద్దవంటి తెల్లని చారలు, గోధుమరంగు మచ్చలు పడును. ఎముకలకు వచ్చుటకు చాల యేండ్లు పట్టును. ఎముక గట్టిపడును, కాని పెళుసగును. అంతకంటె ఘోరమైనది, పూసలను కలుపు నార బంధములు ఎముకవలె మారుట. వంగవలసిన నిట్రాట దుంగయై పోవును. ముందు మెడ తిరుగదు, పిమ్మట నడుము వంగదు, చాపమీద కూర్చుండి లేవలేరు. వెన్నుపామునకు ముందు వెనుకల నున్న బంధములు గట్టిపడి లావగుటచే గొట్టము ఇరుకై, ముఖ్యముగా మెడలో, వెన్నుపాము నలిగిపోవును. కాళ్ళు బిగుసుకొని, తుదకు పక్షవాతము వచ్చును. ముంజేతి రెండు ఎముకల నడుమనున్న పలుచని పొర ఎక్స్‌రేలో ఎముకవలె కనబడుట వైద్యులకు మంచి గుర్తు.

హైదరాబాదులో నిజాము పేరిట ఏర్పడిన వైద్యసంస్థలో నరముల శస్త్రవైద్యుడుగా పనిచేసిన డాక్టరు డి. రాజారెడ్డి ఇట్టి రోగులను పెక్కేండ్లు పరీక్షించి, ఫ్లోరైడువలన వెన్నుపామునకు కలుగు హానిని గూర్చి వ్రాసిన వ్యాసములను ఇతరదేశముల వైద్యులును చదువుచున్నారు. ఈ రోగులకు చేయు ఆపరేషను, వెన్నుపామునకు వెనుకనున్న ఎముక కప్పును తీసివేయుట. వినుటకు సులభము, చేయుటకు కష్టము. ఆ ఎముక దంతమువలె గట్టిగా నుండును. క్రింద వెన్నుపాము ముందే నలిగి సన్నబడి యుండును. పట్టుకారుతో ఎముకను కొఱుకునప్పుడు ఏ కొంచెము ఒత్తిడి తగిలినను మిగిలిన శక్తియు పోవచ్చును. వేగముగా తిరుగు చిన్న బరమాలు వచ్చినపిమ్మట ఈ భయము కొంత తగ్గినది. ఇచట లేజరు సూది ఏమి చేయగలదు? డిస్కులో ఆవిరి చేయుటకు నీరున్నది. రాయివలె మారిన బంధములో ఏమున్నది? ఆపరేషనువలన కొందఱు నడక తిరిగి పొందిరి గాని, చాలకాలము పడకలో నున్నవారికి ఫలితము స్వల్పమే.

కావున ఈ వ్యాధికి అసలు చికిత్స నీటివద్దనే జరుగవలెను. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి కలచి, తేరిన నీటిని వాడు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970 తరువాతి కాలమున కనిపెట్టిరి. దానికి నల్లగొండ పద్ధతి యనియే పేరు. ఇతర ఖండములవారును ఆ పేరుతోనే పిలుతురు. వ్యాధివలన కాక మందువలన ఒక ఊరికి పేరు వచ్చుట ఇందులో కొంత ఊరట. పిమ్మట కృష్ణానది నీటిని తెచ్చిరి. 2016లో మిషన్ భగీరథ ప్రారంభమైనప్పటినుండి నదీజలము పల్లెలలో నల్లాల ద్వారా వచ్చుచున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు బాలురకు చింతపండు తినిపించి పరీక్షింపగా మూత్రముద్వారా ఫ్లోరైడు ఎక్కువగా పోవుట 2002లో కనుగొనిరి. మన చారుకు ఇంత గౌరవము దక్కుట సంతోషమే గాని, గట్టిపడిన బంధమును చింతపండు కరగింపలేదు. నీటిని కాచినందువలన ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరి ఇంకను చిక్కనగును. నల్లా నీరు ఆగిన దినమున పాత బోరునీటితో వంట చేయు ఇండ్లవారు ఈ సంగతి గుర్తించవలెను.

తలిదండ్రుల నిమిత్తము మరల డిస్కు సంగతికి వచ్చెదను. హమాలీలు, గుంటమగ్గముపై కూర్చుండు కొత్తవాడ నేతకాండ్రు, నాట్లు వేయు స్త్రీలు నడుము నొప్పి యెరుగనివారు కారు. సామాన్యమైన నొప్పికి పూర్తిగా మంచమెక్కుట మంచిది కాదు, ఓర్చుకొనగలిగినంత నడచుచుండవలెను. బస్తాను నడుము వంచి కాక, మోకాళ్ళు వంచి ఒడికి దగ్గరగా తీసికొని లేపవలెను. ఆపరేషను చేయుమని ఒకరు చెప్పినచో చిత్రమును మఱియొక వైద్యునికి చూపుట అవమానము కాదు. ఆరోగ్యశ్రీ క్రింద ఏ చికిత్స దొరకునో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగినచో చెప్పుదురు. కుదువ పెట్టుట తరువాతి మాట.

అయితే వేచియుండరాని స్థితులు కొన్ని కలవు. నొప్పితోపాటు జ్వరమున్నను, బరువు తగ్గుచున్నను, క్రింద పడినపిమ్మట నొప్పి వచ్చినను, పాదము పైకి లేవక చెప్పు జారిపోవుచున్నను ఆలస్యము లేక వైద్యునికి చూపవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది గుఱ్ఱపుతోక నరములు ఒత్తుకొనుట. పీటమీద కూర్చున్నప్పుడు ఆనుచోట స్పర్శ పోవును. మూత్రము బిగియును, లేక తెలియకుండ పోవును. రెండు కాళ్ళును బలహీనమగును. సిగ్గుచేత పెద్దలు, విశేషముగా స్త్రీలు, ఈ సంగతిని దాచుదురు. ఇంటిలోని చదువుకొన్న పిల్లలే అడిగి తెలిసికొనవలెను. అట్టివారిని ఆ దినముననే, రాత్రియైనను సరే, వరంగల్లులోని మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రికి గొనిపోవలెను. నలువది యెనిమిది గంటలలోపల ఒత్తిడి తొలగించినప్పుడు మూత్రముపై పట్టు తిరిగి వచ్చు ఆశ యెక్కువ. ఆ సమయమున చేయునది సూదితో ఆవిరి పట్టుట కాదు. ఎంత కోత కావలెనో అంత కోసి, నరములను ఒత్తుచున్న ముక్కను పూర్తిగా తీసివేయుటయే.